ఏ దిక్కుకి చెవి ఒగ్గాలి

ల్యాప్‌టాప్‌కి యాంటెన్నాలు ఉంటాయని తెలిసినా, అవి ఎక్కడుంటాయో చూసినవాళ్ళు తక్కువ. తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం జాగ్రత్తగా ఊడదీస్తే, పై అంచున ఎడమవైపొకటి, కుడివైపొకటి సన్నటి రేకు ముక్కలు అతికించి కనిపిస్తాయి. వాటినుంచి ఒక నల్ల తీగ, ఒక తెల్ల తీగ బయల్దేరి, బందుల సందులోంచి కిందికి దిగి, కీబోర్డు అడుగున ఉన్న వైఫై కార్డు మీద రెండు మిల్లీమీటర్ల గుబ్బలకి తగులుకుంటాయి. మనం చూసే సినిమా, రాసే పరీక్ష, మాట్లాడే వీడియో కాల్ అన్నీ ఆ రేకుల మీదుగానే వచ్చిపోతాయి. వాటిని తయారుచేసిన ఇంజనీరుకి ఈ యంత్రాన్ని ఎవరు కొంటారో, ఏ గదిలో కూర్చుంటారో, రౌటర్ ఎటు పక్కన ఉంటుందో తెలియదు. అందుకని అన్ని దిక్కులా కాస్త కాస్త వినేట్టు చేశాడు. అన్ని దిక్కులా వినాల్సి వచ్చిన యాంటెన్నా ఏ దిక్కునా గట్టిగా వినలేదు.

ఖరగ్‌పూర్‌లో మా అక్కావాళ్ళ రైల్వే క్వార్టర్‌లో ఇది రోజూ అనుభవానికి వచ్చేది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నాటి ఎర్ర ఇటుక ఇల్లు. ఎండకీ ఉక్కకీ తట్టుకోవాలని మందంగా కట్టిన గోడలు, ఎత్తైన కప్పు, కప్పు కింద ఇనప దూలాలు. ముందు వరండా, వెనక వంటిల్లు, మధ్యలో ఒకదాని వెనక ఒకటి రెండు గదులు. కేబుల్ కుర్రాడు ఫైబర్ తీగ వరండా దాకా లాక్కొచ్చి, రౌటర్‌ని అక్కడే మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. మా మేనల్లుడు చదువుకునేది వెనక గదిలో. గుమ్మం దాటితే సిగ్నల్ మూడు గీతలు, మంచం దగ్గర రెండు, కిటికీ పక్క బల్ల దగ్గర ఒకటి. రైల్వే పరీక్షకి ఆన్‌లైన్‌లో మాక్ టెస్ట్ రాస్తూ ఉంటే ప్రశ్న తెర మీదికి వస్తుంది, జవాబు మాత్రం ఇక్కణ్ణుంచి కదలదు.

"మావయ్యా, గీత ఉంది కదా, నెట్ లేదేటి?" అని అడిగాడు వాడు.

రైల్వేలో సిగ్నల్, టెలికాం పని చేసి రిటైరైన నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. ఎందుకంటే దూరం అనేదాని కీలకం అందులోనే ఉంది. తెర మీద కనిపించే గీతలు మనం ఎంత బాగా వింటున్నామో చెబుతాయి. మన మాట అవతలికి ఎంత బాగా వినబడుతోందో అవి చెప్పవు. కరెంటు తీగకి కట్టేసి ఉండే రౌటర్‌కి బలం ఎక్కువ. బ్యాటరీని కాపాడుకోవాల్సిన ల్యాప్‌టాప్, మామూలుగా 30 నుంచి 60 మిల్లీవాట్ల మధ్య పలుకుతుంది. దాంతో రౌటర్ కేక వెనక గదిలోకి వినబడుతుంది. వెనక గది గొంతు వరండాకి చేరదు. వైఫైలో పంపిన ప్రతి ముక్కకీ అవతలనుంచి "అందింది" అన్న జవాబు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి. మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది, గీత అలాగే ఉంటుంది, నెట్ ఉండదు.

ఆ ఇంటి గురించి ఒక మాట. ఆ క్వార్టర్లు ఉండబట్టే ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) కంపెనీ 1887లో పుట్టింది. మద్రాసు వైపు లైను, నాగపూర్ వైపు లైను, కలకత్తా వైపు లైను కలిసే చోట ఎర్రమట్టి నేల మీద జంక్షన్ కట్టారు, పక్కనే పెద్ద వర్క్‌షాప్ వెలిసింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం బీఎన్ఆర్ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెలకి ఖరగ్‌పూర్ తమ లైను మీది ఊరే అయిపోయింది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా వచ్చినవాళ్ళు ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా లైన్లలో స్థిరపడ్డారు. 1955లో పేరు సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినా పాతవాళ్ళు చాలాకాలం బీఎన్ఆర్ అనే అన్నారు. గోలేబజార్‌లో బేరం హిందీలో, పక్కింటి కాకీమాతో బంగ్లా, ఇంట్లో శ్రీకాకుళం వైపు టెక్కలి తెలుగు. మూడు తరాలుగా సాగుతున్నది ఇదే.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. వైఫై పాత పట్టీ 2.4 గిగాహెర్ట్జ్. అంటే తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, దాదాపు జానెడులో సగం. కొత్త పట్టీ 5 గిగాహెర్ట్జ్‌లో అది 6 సెంటీమీటర్లకి దిగుతుంది, గోడ దాటడం ఇంకా కష్టమవుతుంది. ఇటుక కొంత మింగుతుంది, తడిసిన ఇటుక ఇంకొంచెం. ఇనుము మింగదు, తిప్పికొడుతుంది. అక్కావాళ్ళింట్లో అసలు అడ్డం ఇటుకది కాదు, బీరువాది. ముందు గదికీ వెనక గదికీ మధ్య గోడకి ఆనించి నిలువెత్తు ఇనప బీరువా ఉంది. రౌటర్ నుంచి వాడి బల్లకి తాడు పట్టుకుంటే సరిగ్గా దాని నడుం మీదుగా పోతుంది. జరపమంటే అక్క ఒప్పుకోలేదు. "బీరువా నైరుతిలోనే ఉండాల్రా, నాన్న పెట్టిన చోటు" అంది. ఆ మాట మీద నాకు పేచీ లేదు. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక దిక్కు ఉంటుందని నమ్మే మనిషి, యాంటెన్నాకి దిక్కు ఉంటుందంటే వెంటనే అర్థం చేసుకుంటుంది.

రౌటర్‌ని ఇంటి మధ్యలోకి తెచ్చుకోవడం మొదటి వైద్యం. అది కుదరకపోతే గోడకి కన్నం పొడిచి నెట్ తీగ లాక్కోవడం. తీగని మించింది లేదని నా ఉద్యోగమంతా నేర్పింది. కానీ క్వార్టర్ గోడ మనది కాదు, రైల్వేది. కన్నం పొడవాలంటే అడగాలి. ఇలాంటి చోటే బయటి యాంటెన్నా, యూఎస్‌బీ వైఫై అడాప్టర్ అక్కరకొస్తాయి.

అడాప్టర్ కొనబోతే దుకాణంలో డబ్బాల మీద ఎక్కడ చూసినా పవర్ మాటే. ఇన్ని వేల మిల్లీవాట్లు, అన్ని గోడలు దాటుతుంది అని. గొంతు పెంచితే దూరం అందుతుందన్న ఆశ మనిషికి సహజం. అయితే గొంతు పెంచితే మన మాట దూరం పోతుంది తప్ప దూరపు మాట మనకి వినబడదు. యాంటెన్నా సంగతి వేరు. ఒక యాంటెన్నా ఏ దిక్కుకి ఎంత బాగా పలుకుతుందో ఆ దిక్కునుంచి అంత బాగానే వింటుంది. ఒక్కటి మారిస్తే రెండు పనులూ బాగుపడతాయి. అందుకే పవర్ బొమ్మ ఉన్న డబ్బాకన్నా, మర తిప్పి ఊడదీసే యాంటెన్నా ఉన్న చిన్న అడాప్టర్ కొనమంటాను.

మరి ఆ బాగు ఎక్కణ్ణుంచి వస్తుంది? యాంటెన్నాకి కరెంటు లేదు. అది కొత్తగా బలం పుట్టించలేదు. పది దిక్కులకి పంచాల్సినదాన్ని ఒక దిక్కుకి మళ్ళిస్తుంది, అంతే. దూరంనుంచి ఎవరో పిలిస్తే మనం చెవి వెనక అరచెయ్యి డొప్ప చేసి పెట్టుకుంటాం. ఆ దిక్కు మాట తేటపడుతుంది, వెనక దిక్కు మాట మందగిస్తుంది. యాంటెన్నా గెయిన్ అనేది కచ్చితంగా ఇదే. డబ్బా మీద 5 డీబీఐ, 9 డీబీఐ అని రాసే అంకె, మిగతా దిక్కులనుంచి ఎంత తీసి ఈ దిక్కుకి ఇచ్చిందో చెప్పే లెక్క. నిలబెట్టిన కర్రలాంటి నల్ల యాంటెన్నా పొడుగైనకొద్దీ పైకీ కిందికీ వినడం మానేసి చుట్టూ వింటుంది. అందుకే మేడ మీది గదికి సిగ్నల్ కావాలని రౌటర్‌కి పొడుగు యాంటెన్నా బిగిస్తే ఉన్నదీ పోతుంది. ఖాళీ జాగాలో దూరం రెట్టింపు కావాలంటే 6 డెసిబెల్స్ కావాలి. ప్రతి 3 డెసిబెల్స్‌కీ బలం రెండింతలు. అడాప్టర్ గురించి తెలియాల్సిన లెక్కలు ఇంచుమించు ఈ రెండే.

ఈ లెక్క తెలియకుండానే మా నాన్న దాన్ని ప్రతి రాత్రీ వాడేవాడు. వర్క్‌షాప్ నుంచి వచ్చి, భోజనం అయ్యాక, తోలు సంచీ తొడిగిన ట్రాన్సిస్టర్ బల్ల మీద పెట్టుకునేవాడు. విశాఖ కేంద్రం కావాలి, లేదా విజయవాడ. పగలు దొరకవు, చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు పై వాతావరణానికి తగిలి వంగి దూరం వస్తాయి. కానీ పక్కనే కలకత్తా, దాని గొంతు పెద్దది. నాన్న ముల్లు కదపకుండా సెట్టునే బల్ల మీద కొంచెం కొంచెం తిప్పేవాడు. ఆ సెట్టు లోపల యాంటెన్నా ఒక ఫెరైట్ కడ్డీ, దాని చుట్టూ రాగి చుట్టలు. ఆ కడ్డీ పక్కలవైపు నుంచి బాగా వింటుంది, కొసలు చూసే దిక్కునుంచి దాదాపు వినదు. కడ్డీ కొస సరిగ్గా కలకత్తా వైపు తిరిగిన క్షణాన బంగ్లా వార్తలు కిందికి దిగిపోయేవి, వాటి అడుగునుంచి తెలుగు పైకి తేలేది. విశాఖ గొంతు పెరిగి కాదు, కలకత్తాని వదులుకున్నందుకు. బల్ల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి ఉండేది, సెట్టు అంచు అక్కడ పెట్టాలని. తుడిస్తే ఊరుకునేవాడు కాదు.

1975లో కలకత్తా దూరదర్శన్ మొదలయ్యాక అవే కప్పుల మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నాలు లేచాయి. వాటిని జపాన్‌లో హిదెత్సుగు యాగి, షింతారో ఉదా 1926లో రూపొందించారు. ముందు వరసలో పొట్టి కడ్డీలు, వెనక ఒక పొడుగు కడ్డీ, మధ్యలో తీగ తగిలించే కడ్డీ. ఆ పొట్టి కడ్డీలకి ఏ తీగా ఉండదు. ఊరికే నిలబడి తరంగాన్ని ముందుకి పోగుచేస్తాయి. ఊళ్ళో అందరి కప్పుల మీదా అవి తూర్పుకే చూస్తూ ఉండేవి, ఎందుకంటే బొమ్మ వచ్చేది అటునుంచే. రేడియో ఉన్న గదిలో తెలుగుకి తిరిగిన ఇల్లు, కప్పు మీద బంగ్లాకి తిరిగింది. 1995లో జెమిని, ఈటీవీ ఆకాశంనుంచి దిగాక మళ్ళీ ఇంకో దిక్కు.

ఈ విద్యలో మొదటి అడుగుల్లో ఒకటి పడింది ఆ తూర్పు దిక్కునే. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ పుట్టించిన తరంగాల పొడవు కొన్ని మిల్లీమీటర్ల దాకా తగ్గింది. మన వైఫై తరంగాలకన్నా ఎంతో పొట్టివి. 1895లో కలకత్తా టౌన్ హాల్లో, మధ్యలో గోడలు ఉండగా, 75 అడుగుల అవతల గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. తరంగాలని ఒక దిక్కుకి పోగుచెయ్యడానికి ఆయన వాడినది లోహపు గరాటు, ఇప్పటి ఇంజనీర్లు హార్న్ యాంటెన్నా అంటారు. తర్వాతెప్పుడో కుర్రాళ్ళు రేకు డబ్బాకి కన్నం పొడిచి, లోపల మూడు సెంటీమీటర్ల రాగి ముక్క నిలబెట్టి వైఫై యాంటెన్నా చేసుకున్నారు. ఆ డబ్బా బోస్ గరాటుకి చుట్టమే. గోడల అవతలికి మాట పంపడం ఖరగ్‌పూర్‌కి రెండు గంటల రైలు దూరంలో ఎప్పుడో జరిగిందన్న మాట మా మేనల్లుడికి చెబితే, వాడు బల్ల మీంచి లేచి గోడ వైపు చూశాడు.

ఇక మేం చేసిన పని. కొన్నది చిన్న యూఎస్‌బీ అడాప్టర్, మర యాంటెన్నాది. చాలామంది దాన్ని ల్యాప్‌టాప్ పక్కనే గుచ్చి, యాంటెన్నాకి పొడుగు తీగ వేసి కిటికీ దాకా లాగుతారు. అది దండగ. సన్న కోయాక్సియల్ తీగ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి ఒకటిన్నర నుంచి రెండు డెసిబెల్స్ దాకా తినేస్తుంది. మూడు మీటర్లు లాగితే 5 డీబీఐ యాంటెన్నా ఇచ్చిందంతా తీగలోనే ఖర్చయిపోతుంది. అదే యూఎస్‌బీ తీగలో పోయేది అంకెలు. ఐదు మీటర్ల లోపు ఏమీ నష్టం లేదు. కాబట్టి చెవికీ మెదడుకీ, అంటే యాంటెన్నాకీ అడాప్టర్‌కీ, మధ్య దూరం తగ్గించి, మెదడునుంచి ల్యాప్‌టాప్‌కి ఉన్న దూరాన్ని పొడిగించాలి. పైగా యూఎస్‌బీ 3 పోర్టులు, హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రొద చేస్తాయి. అడాప్టర్ ఆ రొదకి దూరంగా పోవడమే ఒక లాభం.

గదుల మధ్య గుమ్మం పైన వెంటిలేటర్ ఉంది. పాత బీఎన్ఆర్ కట్టడాల్లో గాలి కోసం పెట్టిన చెక్క చట్రం. బీరువా నెత్తికన్నా అది జానెడు ఎత్తు. అడాప్టర్‌ని యూఎస్‌బీ తీగకి వేలాడదీసి అక్కడ కట్టాం. తీగ కట్టి కిందికి దిగకుండానే డెసిబెల్స్ లెక్కన మైనస్ 82 ఉన్న సిగ్నల్ మైనస్ 73కి వచ్చింది. అప్పుడు అక్క వంటింట్లోంచి పాత ఇనప మూకుడు తెచ్చిచ్చింది, పిడి ఊడింది, జంతికలకి పనికిరానిది. యాంటెన్నా వెనక, బోర్లించిన వైపు మాకూ లోతు రౌటర్‌కీ ఉండేట్టు మూకుడుని నిలబెట్టాం. ఎంత వెనక పెట్టాలన్నదే అసలు విషయం. మరీ దగ్గరైతే తరంగం తనని తానే చంపుకుంటుంది, దూరమైతే కేంద్రం తప్పుతుంది. మూకుడుని ఒక్కో వేలు వెనక్కి జరుపుతూ, కింద వాడు అంకె చదువుతూ ఉంటే, ఒక చోట మైనస్ 66 దగ్గర నిలబడింది. మొదటిదానికీ దానికీ తేడా 16 డెసిబెల్స్. అంటే బలం నలభై రెట్లు. ఒక్క వాటు కరెంటు పెరగలేదు. అక్క కిందనుంచి, "మరి వంటింటివైపు ఇంక రాదేమో" అంది. నిజమే. ఆ అడాప్టర్‌కి వంటింటి దిక్కు చచ్చిపోయింది. కావాల్సింది అదే.

నాకు ఇందులో ఇంకొక సంగతి ముఖ్యం. పక్కింటివాళ్ళు. 2.4 పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే ఛానళ్ళు, 1, 6, 11. రైల్వే లైన్లలో క్వార్టర్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో గొంతు పెంచితే పది ఇళ్ళలో మాట ఆగుతుంది, ఎందుకంటే వైఫైలో ఒకరు పలుకుతుంటే విన్నవాళ్ళంతా ఆగాలి. గొంతు పెంచినవాడు ఎక్కువ దూరం వినబడతాడు కాబట్టి ఎక్కువమందిని ఆపుతాడు. ఒక దిక్కుకే పలికే యాంటెన్నా ఆ పని చెయ్యదు. పక్కింటివైపు అది చాలా తక్కువ పలుకుతుంది. 2005లో మన ప్రభుత్వం ఈ పట్టీని లైసెన్సు లేకుండా అందరికీ వదిలినప్పుడు పెట్టిన హద్దు కూడా ఈ దృష్టితోనే ఉంది. పంపే బలం 1 వాటు మించకూడదు, యాంటెన్నా గెయిన్ కలుపుకున్నాక 4 వాట్లు మించకూడదు. 6 డీబీఐ యాంటెన్నాకి 1 వాటు సరే. 9 డీబీఐ పెడితే బలం అరవాటుకి తగ్గించుకోవాలి. దూరం కావాలంటే చూపు సన్నం చేసుకో, అరవకు అంటున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

పొడుగు చెవి వచ్చాక పక్కింటి నెట్‌వర్క్ పేర్లు వరసగా కనిపించడం మొదలవుతుంది. అడగకుండా అందులో దూరడం నాకు సమ్మతం కాదు, తాళం లేని తలుపైనా సరే. మేనల్లుడితో ఆ మాట గట్టిగానే చెప్పాను. అడిగితే ఇచ్చేవాళ్ళే ఎక్కువ ఈ లైన్లలో.

ఈ చిన్న వైఫై కార్డు ఎంత దూరం పోగలదో చూపించినవాళ్ళు ఉన్నారు. వెనెజువెలాలో ఎర్మన్నో పియెత్రోసెమోలి బృందం 2007లో రెండు కొండ శిఖరాల మధ్య 382 కిలోమీటర్లు వైఫైతో కలిపింది. రౌటర్లు బజారులో దొరికే మామూలు లింక్‌సిస్‌వే. రెండు వైపులా పెద్ద డిష్‌లు, మధ్యలో అడ్డం లేని చూపు. అయినా అంతటితో అయిపోలేదు. నాకు ఆ కథలో బాగా నచ్చినది సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పు. "అందింది" అన్న జవాబు కోసం వైఫై ఎదురుచూసేది మైక్రోసెకన్ల లెక్కన. కాంతి వేగంతో పోయినా కిలోమీటరుకి 3.3 మైక్రోసెకన్లు పడుతుంది. 382 కిలోమీటర్లు పోవడానికి ఒక మిల్లీసెకను దాటుతుంది, జవాబు రావడానికి మళ్ళీ అంత. అప్పటికి ఇవతలి రౌటర్ ఆశ వదులుకుని మళ్ళీ పంపడం మొదలుపెడుతుంది, రెండూ ఢీకొంటాయి. అందుకని ఎదురుచూసే గడువు పెంచారు, ఒకరి వంతు తర్వాత ఒకరు పలికే పద్ధతి పెట్టారు. కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయంవాళ్ళు అభివృద్ధి చేసిన ఆ పద్ధతే తమిళనాడు తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రికి పనికొచ్చింది. పల్లె కేంద్రంలో కూర్చున్న రోగి కంటిని పట్నంలో డాక్టరు వీడియోలో చూశారు.

మన దగ్గర కూడా జరిగింది. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఇదే పని చేసింది, 2000ల మధ్యలో. భీమవరం చుట్టుపక్కల పల్లెలకి టవర్ల మీద వైఫై యాంటెన్నాలు పెట్టి, పాఠాలు, వైద్య సలహాలు వీడియోలో పంపారు. ఆ డెల్టాకి కొండలు లేవు, చూపుకి అడ్డం కొబ్బరిచెట్లే. చెట్టు తలకన్నా ఎత్తున యాంటెన్నా ఉంటేగాని తరంగం దాటదు. ఇలాంటి పల్లె నెట్‌వర్కుల్లో రేడియో ఖర్చు చిన్నది, ఆ రేడియోని ఎత్తున నిలబెట్టే టవర్ ఖర్చే కొండంత అని వాటిమీద పనిచేసిన పరిశోధకులు లెక్కగట్టారు. మా వెంటిలేటర్ ఆ సంగతే చిన్నగా చెప్పింది. మూకుడు పెట్టకముందే, ఎక్కి కూర్చున్నందుకే 9 డెసిబెల్స్ వచ్చాయి. అశ్విని లాంటి పనులని మనం తొందరగా మరిచిపోయాం. సెల్ టవర్లు, ఫైబర్ వచ్చాక వాటి అవసరం తగ్గి ఉండొచ్చు. కానీ కంపెనీ ఎప్పుడొస్తుందా అని చూడకుండా, బజారులో దొరికే కార్డుతో, ఉన్న ఎత్తుతో, పల్లెకి పాఠం చేర్చిన ఆ చొరవ గుర్తుంచుకోదగ్గది. తెలుగులో దాని గురించి సరైన పుస్తకం ఒకటి రావాలి.

ఖరగ్‌పూర్ విషయంలో ఈ ఆలోచన నాకు ఇంకో రకంగా తగులుతుంది. ఈ ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్ల ఏ దిక్కునుంచి వచ్చిన మాటైనా వింటుంది. బడిలో హిందీ, వీధిలో బంగ్లా, ఫోనులో ఇంగ్లీషు, పక్క లైనులో ఒడియా, ఇంట్లో తెలుగు. దాన్ని లోపమని నేను అనను. నాలుగు దార్లు కలిసే చోట అన్ని దిక్కులా వినే యాంటెన్నాయే సరైనది. ఇంటి మధ్యలో పెట్టే రౌటర్‌కి మూకుడు పెట్టం. కానీ దూరపు గొంతు ఒకటి కావాలనుకుంటే మాత్రం అన్నిటినీ సమానంగా వింటే అది అందదు. కొంతసేపు మిగతావాటికి వీపు తిప్పాలి. మా నాన్న రాత్రి అరగంట కలకత్తాకి వీపు తిప్పాడు కాబట్టే నాకు తెలుగు వార్తల భాష తెలుసు. ఇక్కడ తెలుగు బడులు నడిపినవాళ్ళు, ఏటా మాతా పూజకి పల్లె పాటలు పాడించినవాళ్ళు, తెలుగుకి గుర్తింపు కావాలని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టినవాళ్ళు చేసింది అదే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుని రాష్ట్ర అధికార భాషల్లో ఒకటిగా గుర్తించింది. గుర్తింపు అనేది బలం పెంచడం, అదీ కావాలి. కానీ ఆ పిల్లకి రోజులో ఏ అరగంట టెక్కలి వైపు తిరుగుతుందో నిర్ణయించేది మంత్రివర్గం కాదు, ఇల్లు.

మా మేనల్లుడి మాక్ టెస్టులు ఇప్పుడు ఆగడం లేదు. రాత్రి టెక్కలిలో ఉన్న వాళ్ళ అమ్మమ్మతో, అంటే మా అమ్మతో, వెనక గదినుంచే వీడియోలో మాట్లాడుతున్నాడు. "ఏరా గుంటడా, ఇయ్యేల మొహం సరిగ్గా అగుపిస్తన్నాది" అంది మొన్న. వాడు తిరిగి అదే యాసలో జవాబిచ్చాడు. వాడికి ఆ యాస బడిలో దొరికింది కాదు.

ఇప్పుడు వాడికి కొత్త పని తట్టింది. మా లైనుకి మూడు వందల మీటర్ల అవతల, మా నాన్నతో వర్క్‌షాప్‌లో పనిచేసిన పెద్దాయన ఒక్కడే ఉంటున్నాడు. ఆయన పిల్లలు హైదరాబాదులో. నెట్ పెట్టించుకునే ఓపిక ఆయనకి లేదు. మన కనెక్షన్ ఆయనకి యాంటెన్నాలతో పంపుదాం అంటాడు వాడు. కాగితం మీద లెక్క వేశాం. ఆ దూరానికి 2.4లో అయితే దారి మధ్యలో చుట్టూరా 3 మీటర్ల ఖాళీ ఉండాలి, 5 పట్టీలో 2 మీటర్లు చాలు. మధ్యలో ఒక పెద్ద వేపచెట్టు ఉంది. ఇప్పుడు కొమ్మల సందు కనిపిస్తోంది గానీ, ఆకు నిండి, వాన పడి అది తడిస్తే ఆ దారి నమ్మలేం. 5 పట్టీ తడి ఆకుని ఇంకా తక్కువ ఓర్చుకుంటుంది. చెట్టుని పక్కకి తప్పించి నీళ్ళ ట్యాంకు వైపునుంచి చూస్తే రెండు కప్పులూ కనబడుతున్నాయి, కానీ అటు చూడాలంటే మా కప్పు మీద పది అడుగుల గొట్టం నిలబెట్టాలి. గొట్టానికి రైల్వే అనుమతి కావాలి. కనెక్షన్ ఇంకో ఇంటికి పంచుకోవచ్చో లేదో కంపెనీవాళ్ళని ముందే అడగాలి. అర్జీ హిందీలో రాద్దామా, ఇంగ్లీషులోనా అని వాడు అడుగుతుంటే, గొట్టం ఎత్తు, బరువు, కప్పుకి కన్నం పడదన్న హామీ మూడూ అందులో ఉండాలని చెప్పి కొలతలు రాసిస్తున్నాను.